నొక్కి పట్టుకుంటే పనిచేస్తుంది

చనిపోయిన తమ్ముణ్ణి పదిమందీ దేవుడు దేవుడంటుంటే తాడక్కకు ఒళ్ళు మండిపోయేది.

పాల దుకాణం అతను అన్నాడు. పక్కింటి కుట్టుమిషను ఆవిడ అంది. బస్సులో ముక్కూమొహం తెలియని మనిషి ఒకడు లేచి తన సీటిచ్చి, "ఆ అబ్బాయి అక్కగారు మీరే కదూ, అలాంటివాళ్ళు ఇంకెక్కడమ్మా" అని కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఆమె చేతుల వైపు చూశాడు. అందరూ చివరికి ఆ చేతుల వైపే చూస్తారు. సొంత తమ్ముడు ట్యాంకు లోపల పడి ఉంటే, పరాయివాడికి కట్టిన తాడు పట్టుకుని ఆ పరాయివాణ్ణి పైకి లాగిన చేతులు కదా మరి. తమ్ముడు దేవుడైతే అక్క రాయి. రెండూ ఒకే ఇంట్లో దొరికాయని లోకానికి మహా సరదాగా ఉంది.

ఆమెకు పేరు లేక కాదు. వెనిగర్ ఫ్యాక్టరీలో ట్యాంకులు కడిగే ముఠాలో తాడు పట్టే పని ఆమెది. అందుకని పనిలో అందరికీ తాడక్క అయింది, మెల్లగా ఇంటికీ ఆ పేరే వచ్చేసింది. పళ్ళరసం పులిసి పులిసి వెనిగర్ అయ్యాక, నేలలో పాతిన ఇనుప ట్యాంకు అడుగున మోకాలి లోతు మడ్డి మిగులుతుంది. పైనున్న కంతలోంచి ఒక మనిషి దిగి దాన్ని పారతో ఎత్తి బకెట్లు నింపాలి. మడ్డిని కదిలిస్తే పులిసిన గాలి లేస్తుంది. అది బరువుగా అడుగునే కూర్చుంటుంది. అందులో ఊపిరి పీల్చినవాడు దగ్గను కూడా దగ్గడు, కూలబడిపోతాడు. అందుకే ఈ పనికి ముగ్గురు కావాలి. ఒకరు దిగుతారు. ఒకరు ఆ దిగినవాడి భుజాలకూ నడుముకూ కట్టిన తాడును కప్పీ మీదుగా పట్టుకుంటారు. మూడోవాళ్ళు బ్లోయర్ దగ్గర ఉండి, లావుపాటి గొట్టంలోంచి లోపలికి మంచిగాలి పంపుతారు.

ముఠాకు ఒక మాట ఉంది. దిగినవాడికి తాడు, పట్టినవాడికి నేల. అంటే తాడు లేకుండా ఎవడూ దిగడు, పైనున్నవాడు ఏం జరిగినా నేల వదలడు. లోపల పడింది కన్నతండ్రైనా సరే. పనిలో చేరిన రోజున పాత మేస్త్రి ఈ మాట చిన్నపిల్లల చేత ఎక్కాలు చెప్పించినట్టు అప్పజెప్పించుకునేవాడు. ట్యాంకుల్లో చచ్చినవాళ్ళలో సగం మంది తామంతట తాము పడినవాళ్ళు కారని, ముందు పడినవాడి కోసం దూకినవాళ్ళని ఆయన అనేవాడు.

ఇక బ్లోయర్ సంగతి. దాని స్విచ్ పాడై రెండేళ్ళయింది. నొక్కితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. గుడ్డపేలికతో బిగించి కట్టి చూశారు, అదురుకు జారిపోయింది. చెక్కముక్క దోపి చూశారు, కాలిన వాసన వచ్చింది. చివరికి తమ్ముడు దాని మీద బొటనవేలు పెట్టి నిలబడ్డాడు. ఆ రోజు నిలబడ్డవాడు ఇక అలాగే నిలబడిపోయాడు. వేలికి కాయ కాసింది.

తాడక్క యజమాని దగ్గరికి వెళ్ళి అడిగింది, కొత్త స్విచ్ వేయించమని. మళ్ళీ వెళ్ళి మళ్ళీ అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు. ఒకప్పుడు ట్యాంకులు కడిగి పైకొచ్చినవాడే, పనివాళ్ళ పెళ్ళిళ్ళకు వచ్చి కూర్చునేవాడే. "నొక్కి పట్టుకుంటే పనిచేస్తుందిగా అమ్మా. మా రోజుల్లో అసలు బ్లోయరే లేదు" అన్నాడు, ఎంతో ఆప్యాయంగా నవ్వుతూ. మొండిగా లేదంటే పోట్లాడవచ్చు. నవ్వేవాడితో ఎలా పోట్లాడేది?

ఆ రోజు దిగినవాడు సణుగుడు బాబాయ్. ముఠాలో అందరికన్నా పెద్ద, అందరికన్నా పిసినారి. డబ్బాలో తెచ్చుకున్నది ఎవరికీ పెట్టడు, ఎవరు పెట్టినా తినడు. తన ముడి తానే వేసుకుంటాడు. వేసుకున్నాక ఎద్దును లాగినట్టు లాగి చూసుకుంటాడు. ముందు దీపం దించి చూడందే కంతలో కాలు పెట్టడు. దీపం ఆరితే ఇంటికి పోతాడు, ఆరకపోతే సణుక్కుంటూ దిగుతాడు. "నా ప్రాణం నాకు తీపి" అన్నది ఆయన ఊతపదం.

"అంత తీపైతే చీమలు పడతాయి బాబాయ్, మూత పెట్టుకో" అనేవాడు తమ్ముడు.

తమ్ముడు ఆయనకు పూర్తిగా తలకిందులు. ఎవరేమడిగినా లేదనడు. వానాకాలం గొడుగు ఎవరికో ఇచ్చేసి తడిసి ముద్దై వస్తాడు. ఒకరి బదులు డ్యూటీ చేస్తాడు, ఇంకొకరి సామాను మూడంతస్తులు మోస్తాడు. "నిన్ను నువ్వు కూడా ఎవరికో ఇచ్చేసి వస్తావురా ఒకనాడు" అని తాడక్క తిట్టేది. తిట్టేటప్పుడు అది తిట్టే.

బాబాయ్ మూలన పేరుకున్న మడ్డిలో పార దించాడు. కాసేపు బకెట్లు వస్తూనే ఉన్నాయి. తర్వాత ఒక బకెట్ రాలేదు. తాడు బరువెక్కింది. పడిపోయాడని అరిచి తాడక్క లాగడం మొదలుపెట్టింది. అలాంటప్పుడు తమ్ముడు చెయ్యాల్సిన పని ఒక్కటే. నొక్కిన వేలు నొక్కినట్టే ఉంచి, ఉన్నచోట ఉండటం. అంతకన్నా కష్టమైన పని లోకంలో లేదు కాబోలు. వాడు స్విచ్ వదిలేశాడు. "స్విచ్ వదలకురా" అని ఆమె అరిచేసరికే, ఒంటి మీద తాడైనా లేకుండా కంతలోకి జారిపోయాడు. బ్లోయర్ మూలిగి మూలిగి ఆగింది.

తాడు ఒకసారి తేలికైంది. వాడి చేతులు బాబాయ్ కింద ఆనాయన్నమాట. మళ్ళీ బరువెక్కింది. ఆమె చేతుల్లో ఒక తాడుంది, ఆ తాడుకు ఒక మనిషి ఉన్నాడు. వదిలేసి స్విచ్ దగ్గరికి పరిగెత్తితే ఆ మనిషి మళ్ళీ మడ్డిలో పడతాడు. వదిలేసి తాను దూకితే మూడు శవాలు. లాగింది. అరచేతుల తోలు ఊడుతున్నా లాగింది. బాబాయ్‌ని కంత పక్కకు దొర్లించి, వెళ్ళి స్విచ్ మీద పడి దాన్ని నొక్కిపట్టుకుని, గొంతు చిరిగేలా కేకలు వేసింది. షెడ్డు అవతల లారీలు ఎక్కిస్తున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళకు కనిపించిందేమిటంటే, తమ్ముడు లోపల ఉంటే ఒక ఆడమనిషి బయట కూర్చుని స్విచ్ నొక్కుతోంది. కొక్కెం వేసి తీసేసరికి వాడిలో ప్రాణం లేదు.

బాబాయ్ మాత్రం కళ్ళు తెరిచాడు. తెరిచి అన్న మొదటి మాట, "నా చెప్పు ఒకటి లోపలే ఉండిపోయింది."

ఆ మాటకు ఆ రోజు ఆయన్ని ఎవరూ చంపకపోవడమే ఒక వింత.

ఇంట్లో రెండు గదులు, ఒక వంటగది. తమ్ముడు పోయాక అందులో మిగిలింది తాడక్కా మరదలూ. ఆ పిల్ల ఏడిస్తే బాగుండేది, అరిస్తే బాగుండేది. మాట మానేసింది. వండి మూత పెట్టి గదిలోకి పోయేది. తాడక్క తిని గిన్నె కడిగితే, ఆ కడిగిన గిన్నెను మళ్ళీ కడిగేది. తాడక్కకు ఎక్కడో కాలేది. నీ మొగుడు నాకు తమ్ముడు కాదా, నేను వాడి ముక్కు తుడిచి పెంచలేదా, అని అడగాలని నోటిదాకా వచ్చేది. మింగేసేది. అడిగితే తర్వాతి మాట స్విచ్. వాడే వదిలాడని చెప్పాలి. వచ్చి విచారించిన అధికారులకు యజమాని త్యాగమని చెప్పినప్పుడూ ఆమె నోరు పెగలలేదు, తర్వాత ఆ మాటే స్థిరపడిపోయింది.

ఒక మధ్యాహ్నం యజమాని ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, కుర్చీ వద్దని మరదలి ఎదుట నేల మీద కూర్చున్నాడు. ఫ్యాక్టరీ గేటు లోపల తమ్ముడి ఫొటో కింద రాతిపలక పెట్టిస్తున్నాడట. దాని మీద చెక్కించే మాట చదివి వినిపించాడు. 'తన ప్రాణం కన్నా తోటివాడి ప్రాణం మిన్న అనుకున్నవాడు.' చదువుతూ చదువుతూ ఏడ్చేశాడు. మరదలు కూడా అన్నాళ్ళకు ఏడ్చింది. ఆ కన్నీళ్ళు దొంగకన్నీళ్ళైతే తాడక్కకు ఎంత సుఖంగా ఉండేదో. అవి నిజమైనవే. స్విచ్ మాత్రం పాతదే.

"రేపు పొద్దున్నే మీటింగు. నువ్వూ రెండు మాటలు మాట్లాడాలమ్మా" అన్నాడు ఆమెతో.

"ట్యాంకు పని ఎప్పుడు మొదలు?" అంది తాడక్క.

"మీటింగు అవగానే. ఆగిపోయి చాలారోజులైంది కదా. వాడికి కూడా పని ఆగడం ఇష్టం ఉండదు."

"బ్లోయర్ స్విచ్ వేయించారా?"

ఆయన నొచ్చుకున్నాడు. చావు ఇంట్లో పప్పు బెల్లాలు అడిగినట్టు చూశాడు. "ఇప్పుడా ఆ మాట? వేయిద్దాంలే. మనుషులు మంచివాళ్ళైతే పనిముట్లదేముందమ్మా" అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆయన గడప దాటాక మరదలు నోరు విప్పింది. ఇన్నాళ్ళ తర్వాత మొదటి మాట.

"రేపు ఆయన గురించి చెప్పు వదినా. నీ గురించి చెప్పుకోకు."

"నా గురించి ఏం చెప్పుకుంటాను?"

"నీ తప్పేం లేదని. తప్పంతా ఆయనదేనని. ఆ మాట నీ నాలిక మీద తిరుగుతోందని నాకు తెలుసు. ఆయన నా కోసం ఏం దాచలేదు, ఉన్నదంతా ఊరికి పంచేశాడు. ఆ మంచిపేరొక్కటే మిగిల్చాడు. దాన్నీ నువ్వు లాక్కోకు. లాక్కుంటే మనిద్దరికీ ఈ ఇంట్లో కలిసి ఉండే పని లేదు."

తాడక్కకు చివ్వున కోపం వచ్చింది. ఎందుకంటే అది సగం నిజం. తన మీద పడ్డ మచ్చ పోవాలని ఆమెకూ ఉంది. బస్సులో ఎవడూ తన చేతుల వైపు చూడకూడదని ఉంది. దిగబోయేవాళ్ళు బతకాలనీ ఉంది. ఏది ఎంత పాలో తేల్చడానికి ఆమె హంస కాదు. పాలూ నీళ్ళూ ఏనాడో కలిసిపోయాయి.

ఆ సాయంత్రం ఉండబట్టలేక షెడ్డుకు వెళ్ళింది. స్విచ్ దగ్గరికి కొత్తగా ఒకతన్ని వేశారు. వెల్డింగ్ పని మానేసి వచ్చాడు, బుద్ధిమంతుడు, మొహంలో ఒక వెలుగు. తాడక్కను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఏమనుకోకండక్కా, ఆయన నిలబడ్డచోట నిలబడటం నా అదృష్టం అనుకుంటున్నాను. అలాంటి సమయం వస్తే నేనూ ఆయనలాగే దూకుతాను."

"ఏమన్నావ్?"

"ఆలోచించను కూడా. దూకేస్తాను."

చెంప పగలగొట్టాలనిపించింది. నీ వేలు ఇక్కడుంటేనే రా లోపలివాడికి ఊపిరి అని చొక్కా పట్టుకుని చెప్పాలనిపించింది. చెబితే వాడు ఏమంటాడో తెలుసు. మీ తమ్ముడు మరి, అంటాడు. తమ్ముడు చచ్చి ఒకణ్ణి బతికించాడని అందరూ అనుకుంటున్నారు గానీ, వాడు తన వెనక ఒక వరుస తయారుచేసి పోయాడు. ఆ వరుసలో మొదటివాడు కళ్ళు మెరిపిస్తూ ఎదురుగా నిలబడ్డాడు. ఆమెకు తమ్ముడి మీద కోపం మళ్ళీ భగ్గుమంది. ఎవడు దూకమన్నాడురా నిన్ను? నన్నడిగావా?

ట్యాంకు కంత దగ్గర సణుగుడు బాబాయ్ వంగి, పొడుగాటి కర్రతో లోపల కెలుకుతున్నాడు.

"ఏం చేస్తున్నావ్ బాబాయ్?"

"చెప్పు. రెండోది ఇంట్లో ఊరికే పడుంది."

తాడక్క పళ్ళు కొరికింది. "నీ కోసం ఒకడు చచ్చాడు. వాడి పేరెత్తవా నువ్వు?"

బాబాయ్ కర్ర పక్కన పెట్టి నడుం పట్టుకుని నిలబడ్డాడు. "నేను రమ్మన్నానా? నేను తాడు కట్టుకున్నది ఎందుకు? నువ్వు లాగుతావని. నువ్వు లాగావు. వాడు లోపలికొచ్చి గాలి కట్టేశాడు. పైగా నేనిప్పుడు వీధిలో తలెత్తుకుని తిరగకూడదు, వాడి ప్రాణం తిన్నవాణ్ణంటారు. ఎవడిచ్చాడమ్మా నాకీ బరువు? నేనడిగానా?" గొంతు కాస్త వణికింది. అది కూడా ఆయనకు నచ్చలేదు, గట్టిగా దగ్గాడు. "ఒకటి మాత్రం చెబుతున్నా. ఆ స్విచ్ మార్చందే నేను దిగను. నా ప్రాణం నాకు తీపి."

"మిగిలినవాళ్ళు దిగితే?"

"వాళ్ళ ప్రాణం వాళ్ళకు చేదైతే నేనేం చెయ్యను?"

దారంతా ఆమె ఇద్దర్నీ తిట్టుకుంటూ నడిచింది. ఒకడు తనను తాను బొత్తిగా మరిచిపోయాడు, ఇంకొకడు తనను తప్ప ఎవర్నీ గుర్తుపెట్టుకోడు. వీళ్ళ మధ్య తాడు మాత్రం తన చేతికిచ్చారు.

మర్నాడు షెడ్డు ముందు కుర్చీలు వేశారు. గేటు పక్కన తమ్ముడి ఫొటో, దాని కింద గుడ్డ కప్పిన పలక. పనివాళ్ళంతా వచ్చారు, వీధివాళ్ళు కొందరు వచ్చారు. ఒక బల్ల మీద టీ గ్లాసులు పేర్చి ఉన్నాయి. మరదలు ముందు వరుసలో తల వంచుకుని కూర్చుంది. కొత్త వెల్డింగ్ అతను ఫొటో పక్కన కాపలా ఉన్నట్టు నిలబడ్డాడు. బాబాయ్ చివరి కుర్చీలో, ఎవరూ పక్కన కూర్చోకుండా.

యజమాని లేచి, ముందుగా అక్కగారు మాట్లాడతారని చెప్పాడు. తాడక్క లేచి షెడ్డులోకి వెళ్ళింది. బ్లోయర్‌ను చక్రాల మీద బరబరా లాక్కొచ్చి యజమాని ముందు నిలబెట్టింది. తీగ తీసుకెళ్ళి గోడకున్న ప్లగ్గులో పెట్టింది.

"నాకు మాట్లాడటం రాదు. మీరే మాట్లాడండి. కానీ వాడు పనిలో ఉన్నంతసేపూ ఈ మోత ఉండేది. ఇది ఆగకుండా వాడి గురించి చెప్పండి" అని ఆయన బొటనవేలు పట్టుకుని స్విచ్ మీద పెట్టింది.

ఆయనకు ఆ ఆలోచన బాగా నచ్చింది. కళ్ళు చెమర్చాయి కూడా. నొక్కాడు. బ్లోయర్ హోరున లేచింది, గొట్టం చివర దుమ్ము ఎగిరింది. ఆయన ఆ హోరు మీద గొంతు పెంచి మొదలుపెట్టాడు. తాను ట్యాంకులు కడిగిన రోజులు, తమ్ముడు మొదటిసారి పనికొచ్చిన రోజు, వాడి నవ్వు, వాడి గొడుగు సంగతి. బాగా చెప్పాడు. కొందరు ముక్కులు చీదారు. కాసేపటికి ఆయన భుజం కుంగింది. వేలు మార్చుకోబోయాడు, మోత తడబడింది, మళ్ళీ నొక్కాడు. గోరు తెల్లబడింది. మాట మధ్యలో చేతి వైపు చూసుకోవడం మొదలైంది. ఎలాగో రాతి మీద చెక్కించిన మాట దాకా వచ్చాడు. "తన ప్రాణం కన్నా" అన్నాడు, కన్నీళ్ళు జారాయి. తుడుచుకోవడానికి చెయ్యెత్తాడు.

బ్లోయర్ మూలిగి ఆగిపోయింది.

"పోయాడు" అంది తాడక్క.

"ఎవరమ్మా?"

"లోపలున్నవాడు. మీరు కళ్ళు తుడుచుకున్నారు కదా, ఇంతలో పోయాడు."

ఆమెకు ఇక ఆగలేదు, అన్నాళ్ళూ గొంతులో పెట్టుకున్నదంతా కట్ట తెగినట్టు వచ్చింది.

"మా తమ్ముడూ ఇలాగే వదిలాడు. మంచిమనసుతో వదిలాడు, మీరూ మంచిమనసుతోనే వదిలారు. మడ్డికి మంచిమనసూ చెడ్డమనసూ తెలీదు. వాడు దూకడం తప్పు. అవును, అంటున్నాను, మా తమ్ముడు తప్పు చేశాడు. దూకినప్పుడు బాబాయ్‌కి అందే గాలి ఆగింది, తర్వాత వాడికీ అందలేదు. ఈ మాట దాచి నేను రాయిననిపించుకున్నాను. అనుకోండి, నాకేం. కానీ రేపు ఇంకొకడు దూకుతానని నా మొహం మీద చెబుతున్నాడు. మీరు వాడికి నేర్పింది అదే. ఈ ముక్క మార్చమని ఎన్నిసార్లు అడిగాను? నొక్కి పట్టుకుంటే పనిచేస్తుందిగా అన్నారు. పట్టుకున్నాడు కదయ్యా. రెండేళ్ళు పట్టుకున్నాడు. మీరు ఒక్క ఉపన్యాసం పాటు పట్టుకోలేకపోయారు. ఈ ముఠాలో దిగిన ప్రతి ఒక్కడూ వాడి వేలి మీద బతికి పైకొచ్చాడు. అప్పుడు ఎవరూ వాడికి ఒక పువ్వు పెట్టలేదు. ఒక్కరోజు వదిలేస్తే దేవుణ్ణి చేశారు. స్విచ్ మార్చడం కన్నా మనిషిని దేవుణ్ణి చెయ్యడం తేలిక మీకు."

వెల్డింగ్ అతను తన బొటనవేలి వైపు చూసుకుంటున్నాడు. వెనక నుంచి కుర్చీ కిర్రుమంది. బాబాయ్ లేచాడు.

"నేను దిగను" అన్నాడు. "ఎవరి కోసమో కాదు. నా ప్రాణం నాకు తీపి. చేదుగా ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే దిగండి, మీ చెప్పులు జాగ్రత్త."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. దిగుతామని ఒక్కరూ అనలేదు. ఇన్నేళ్ళూ ఆ మనిషిని స్వార్థపరుడని ఈసడించినవాళ్ళంతా నిమ్మళంగా వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డారు. ఆయన వాళ్ళను చూసి చిరాకుగా పక్కకు జరిగాడు.

అప్పుడు మరదలు లేచింది. ఇల్లు పోయింది, ఆ పిల్ల పోయింది అనుకుంది తాడక్క. మరదలు ఆమె వైపు చూడకుండా బ్లోయర్ దగ్గరికి వచ్చి, వంగి, స్విచ్ మీద బొటనవేలు పెట్టింది. నొక్కింది. మోత లేచింది. వేలు తీసి దాని మీద పడ్డ గుంట చూసుకుంది, మళ్ళీ నొక్కింది.

"ఆయన వేలికి ఇక్కడే ఉండేది కాయ" అంది. "ఏంటది అంటే, రోజూ నీ గొంతు నొక్కాలని సాధన చేస్తున్నానని నవ్వేవాడు. ఇదా అది?"

"అదే."

"ఇంత గట్టిగా నొక్కాలా?"

"రోజంతా."

మరదలు ఆ హోరులోనే అంది, "ఇదంతా నీ కోసం చెప్పుకున్నావు కదూ వదినా."

తాడక్క అబద్ధం చెప్పదలుచుకోలేదు. "నా కోసం కూడా."

"వద్దన్నాను కదా."

"అన్నావు."

"నీ మీద కోపం పోలేదు నాకు."

"పోవాలని చెప్పలేదులే."

యజమాని దగ్గరికొచ్చాడు. "ఇక వదిలెయ్యమ్మా. అర్థమైంది. వేయిద్దాం, తప్పకుండా వేయిద్దాం."

"వేయించండి" అంది మరదలు. వేలు తీయలేదు. "వేసేదాకా ఇది పట్టుకునే ఉంటాను. నొక్కి పట్టుకుంటే పనిచేస్తుందిగా."

అందరూ చూస్తుండగా ఆమె వేలు వణకడం మొదలైంది. తాడక్క పక్కకు వచ్చి, "జరుపు" అని తన వేలు పెట్టింది. మరదలు అలసట తీరగానే మళ్ళీ ఆ వేలిని జరిపింది. ఫ్యాక్టరీలో కరెంటు పని చూసే అతను ఇక చూడలేక వీధిలోకి పరిగెత్తాడు. ఎదురుగా ఉన్న దుకాణంలోంచి అరచేతిలో పట్టే డబ్బా ఒకటి తెచ్చాడు. వాళ్ళను పక్కకు రమ్మని, తీగ పీకి, రెండు మరలు విప్పి, పాతది తీసి, కొత్తది పెట్టి, మరలు బిగించాడు. ప్లగ్గు పెట్టి ఒకసారి నొక్కి చెయ్యి తీశాడు. బ్లోయర్ దానంతట అది తిరుగుతూ ఉంది.

అతను పరిగెత్తినప్పుడు బల్ల మీద గ్లాసుల్లో పోసిన టీ ఇంకా పొగలు కక్కుతోంది.

తమ్ముడి శవాన్ని తీసినప్పుడు ఏడవలేదు తాడక్క. ఇంట్లో ఏడవలేదు, పదిమంది దేవుడన్నప్పుడూ ఏడవలేదు. ఆ కొత్త స్విచ్‌ను చూసి, అందరి మధ్యా పసిపిల్లలా నేల మీద కూలబడి ఏడ్చింది.

"ఇంతేరా" అంది తమ్ముడితో. "ఇంత పనేరా."